పదకొండో ప్లాట్‌ఫారం తర్వాత

స్టుట్‌గార్ట్‌లో కొత్తగా అద్దెకు దిగిన తెలుగు జంట తలుపు పిడికి ఒకరోజు చిన్న బోర్డు వేలాడుతూ కనిపిస్తుంది. దాని మీద ఒకటే మాట: కేర్‌వోహె. ఊడ్చే వారం అని అర్థం. ఆ వారం మెట్లు తుడవడం, వాకిలి ముందు కాలిబాట ఊడవడం ఆ ఇంటివాళ్ల వంతు. బోర్డు తగిలించిన పొరుగావిడ తలుపు తట్టదు. తట్టి చెప్పాల్సిన విషయమని ఆవిడకు తోచదు, ఎందుకంటే ఆ ప్రాంతంలో తరతరాలుగా ఇళ్ల మధ్య ఆ వంతు అలాగే తిరుగుతోంది. వచ్చినవాళ్లేమో వాచ్‌మన్ కుటుంబం మెట్లు కడిగే అపార్ట్‌మెంటులో పెరిగినవాళ్లు. ఎవరో పొరపాటున తగిలించారనుకుని బోర్డు తీసి పక్కన పెడతారు. మరుసటి వారం మెట్ల మీద ఎదురైన ఆవిడ మొహం ముడుచుకుని వెళ్లిపోతుంది. మన రంగు చూసి ఇలా చేస్తోందని వీళ్లు అనుకుంటారు. వీళ్ల దేశం వాళ్లకు శుభ్రత పట్టదని ఆవిడ అనుకుంటుంది. ఒక చెక్క ముక్క రెండు జాతుల స్వభావాల మీద తీర్పు చెప్పించేస్తుంది.

పరదేశంలో స్థిరపడేవాళ్లకు ఎదురయ్యే సాంస్కృతిక భేదాలనగానే తిండి, బట్ట, పండగ, దేవుడు గుర్తొస్తాయి. నిజానికి వాటితో వచ్చే చిక్కు తక్కువ. అవి కంటికి కనిపిస్తాయి కనుక మనిషి ముందే సిద్ధపడతాడు, సూట్‌కేసులో ఆవకాయ సర్దుకునే వెళతాడు. ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. ఎంత గొంతుతో మాట్లాడాలి, ఎవరిని ఏమని పిలవాలి, వద్దంటే నిజంగా వద్దనేనా, మూసిన తలుపు తట్టవచ్చా లాంటివి. ఎవరూ నేర్పరు, అందరికీ తెలుసనుకుంటారు. ఈ మొత్తం ప్రశ్నను దగ్గర్నుంచి చూడాలంటే జర్మనీని మించిన చోటు దొరకడం కష్టం. 2023 లెక్కల ప్రకారం అక్కడి జనాభాలో దాదాపు నలుగురిలో ఒకరు వలస వచ్చినవాళ్లో, వలస వచ్చిన తల్లిదండ్రులకు పుట్టినవాళ్లో. అయినా 20వ శతాబ్దం చివరి దాకా అక్కడి ప్రభుత్వాలు తమది వలసల దేశం కాదనే చెబుతూ వచ్చాయి. సంస్కృతి పేరు మీద చెప్పుకునే చాలా తగాదాలకు మూలం ఈ మాటలోనే ఉంది.

'కల్చర్ షాక్' అనే మాటను జనంలోకి తెచ్చినవాడు కలెర్వో ఓబెర్గ్ అనే మానవ శాస్త్రవేత్త. 1954లో రియో డి జనీరోలో ఒక మహిళా క్లబ్బులో ఆయన చేసిన ప్రసంగం 1960లో అచ్చయింది. రోజువారీ బతుకులో మనకు దారి చూపే వందలాది చిన్న గుర్తులు ఒక్కసారిగా పనిచేయకుండా పోవడమే ఆ తాకిడి అని ఆయన వివరణ. మొదట మోజు, తర్వాత విసుగు, ఆపైన మెల్లగా సర్దుబాటు అన్నాడు. 1955లో స్వెర్రె లిస్‌గోర్ అనే నార్వే పరిశోధకుడు ఫుల్‌బ్రైట్ సాయంతో అమెరికా వెళ్లొచ్చిన 200 మంది తన దేశస్థులను అడిగి, దాదాపు ఇదే వరసను ఇంగ్లీషు 'యు' అక్షరం ఆకారపు గీతగా చూపించాడు. ఇప్పటికీ విదేశాలకు వెళ్లే విద్యార్థులకిచ్చే శిక్షణల్లో ఈ గీతే కనిపిస్తుంది.

కానీ గీత అంత నమ్మదగింది కాదు. 1998లో కొలీన్ వార్డ్ బృందం న్యూజిలాండ్ వచ్చిన జపాన్ విద్యార్థులను దిగిన రోజు నుంచీ గమనిస్తే, మోజు ఉండాల్సిన తొలి రోజుల్లోనే దిగులు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. పైగా ఓబెర్గ్ చూసినవాళ్లు, లిస్‌గోర్ అడిగినవాళ్లు తిరిగి వెళ్లే తేదీ తెలిసిన మనుషులు. పనికోసం, పిల్లలతో, అప్పుతో వచ్చి ఉండిపోయేవాళ్ల కథను ఆ గీతలో ఇరికించడం కుదరదు. ఉండిపోయేవాళ్ల గురించి ఎక్కువ పనికొచ్చే మాట చెప్పింది కెనడా మనస్తత్వవేత్త జాన్ బెర్రీ. తమది నిలుపుకుంటూ కొత్తదాంట్లో కలవడం, తమది వదిలేసి కలిసిపోవడం, కలవకుండా తమ గూట్లోనే ఉండిపోవడం, రెంటికీ చెడడం అని ఆయన నాలుగు దారులు చూపాడు. ఏ దారిన నడుస్తారన్నది వచ్చినవాళ్ల ఇష్టం ఒక్కదాని మీదే ఆధారపడదనీ, ఉన్నవాళ్లు ఏ తలుపు తెరిచి పెట్టారన్నది కూడా చూడాలనీ చెప్పాడు. జర్మనీలో తుర్కుల చరిత్ర ఆ చివరి మాటకు నిలువెత్తు సాక్ష్యం.

1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేవగానే తూర్పు నుంచి పశ్చిమ జర్మనీకి వచ్చే పనివాళ్ల రాక ఆగిపోయింది. ఇటలీతో 1955లోనే ఒప్పందం ఉంది. స్పెయిన్, గ్రీసులతో 1960లో కుదిరింది. 1961 అక్టోబరు 30న తుర్కియేతో కుదిరింది. ఇస్తాంబుల్‌లో జర్మన్ వైద్యులు వరసగా నిలబెట్టి పళ్లు, ఊపిరితిత్తులు, మూత్రం పరీక్షించి ఎంచుకునేవారు. నెగ్గినవాళ్లు సిర్కెజి స్టేషన్‌లో రైలెక్కి, రెండు రోజులకు పైగా కూర్చుని, మ్యూనిక్ స్టేషన్ పదకొండో ప్లాట్‌ఫారం మీద దిగేవారు. ప్లాట్‌ఫారం కింద యుద్ధకాలపు బంకరులో వాళ్లకింత తిండి పెట్టి, ఎవరు ఏ ఊరి ఫ్యాక్టరీకో పేర్లు పిలిచి పంపేవారు. 1964 సెప్టెంబరులో కొలోన్‌కు వచ్చిన అర్మాందో రోద్రిగెస్ ద సా అనే పోర్చుగీసు కార్మికుడు పదిలక్షలవాడని తేలితే, మేళతాళాలతో ఎదురెళ్లి ఒక మోపెడ్ బహుమతిగా ఇచ్చారు.

వీళ్లందరికీ పెట్టిన పేరు గాస్ట్‌ఆర్‌బైటర్, అంటే అతిథి కార్మికుడు. అతిథికి మన దగ్గరా మర్యాద ఉంది, కానీ అతిథి ఉండిపోడు. ఆ పేరులోనే షరతు ఉంది. తుర్కియే ఒప్పందంలో మొదట రెండేళ్ల గడువు పెట్టారు. పని నేర్చిన మనిషిని పంపేసి మళ్లీ కొత్తవాడికి నేర్పడం గిట్టుబాటు కాదని యజమానులు మొత్తుకుంటే 1964లో ఆ గడువు తీసేశారు. 1973 నవంబరులో చమురు సంక్షోభం వేళ కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారు. విచిత్రంగా, స్థిరపడడం అప్పుడే మొదలైంది. ఒకసారి వెళ్తే మళ్లీ రానివ్వరని తెలిశాక ఉన్నవాళ్లు వెళ్లలేదు. పెళ్లాం పిల్లల్ని తెచ్చుకున్నారు. 1955 నుంచి 1973 దాకా వచ్చినవాళ్లు సుమారు కోటీ నలభై లక్షలు, వెనక్కి వెళ్లినవాళ్లు సుమారు కోటీ పది లక్షలు. మిగిలినవాళ్లను పంపించడానికి 1983లో ఒక చట్టం చేసి 10,500 మార్కులు, పిల్లలకు తలా 1,500 మార్కులు ఇస్తామన్నారు.

ఈ కాలమంతా వాళ్లందరికీ భాష నేర్పే ఏర్పాటు దేశం తరఫున జరగలేదు. బవేరియాలో చాలామంది తుర్కు పిల్లలను మాతృభాషా తరగతుల్లో విడిగా కూర్చోబెట్టారు, రేపు వెళ్లిపోయేవాళ్లే కదా అని. తల్లిదండ్రులు అసెంబ్లీ లైనులో సాటి తుర్కుల పక్కన నిలబడి, ఫ్యాక్టరీ హాస్టల్లో రెండంతస్తుల మంచాల మీద పడుకుని, ఫోర్‌మన్ ఆజ్ఞల వరకే జర్మన్ నేర్చారు. ముప్పై ఏళ్లు గడిచాక, వీళ్లు మా భాష నేర్చుకోరు, విడిగా బతుకుతారు, వీళ్ల సంస్కృతే అంత అన్న ఫిర్యాదు పత్రికల్లో మొదలైంది. 600 గంటల భాషా పాఠాలతో ప్రభుత్వ కోర్సు వచ్చింది 2005 జనవరి 1న. ఇటలీతో కుదిరిన మొదటి ఒప్పందానికీ దానికీ మధ్య యాభై ఏళ్లు! నేర్పనివాళ్లు నేర్వనివాళ్లను తప్పుపట్టిన ఈ యాభై ఏళ్లనూ లెక్కలోకి తీసుకోకుండా తుర్కుల సంస్కృతి గురించి ఏ మాట మాట్లాడినా అది సగం మాటే.

వాళ్ల బతుకు ఎలా ఉండేదో జర్మన్లకు ఒక జర్మనే చెప్పాల్సి వచ్చింది. గుంటర్ వాల్‌రాఫ్ అనే పాత్రికేయుడు నల్ల విగ్గు పెట్టుకుని, రంగు కాంటాక్టు లెన్సులు వేసుకుని, అలీ అనే పేరుతో రెండేళ్లు కూలి పనులు చేసి 1985లో రాసిన పుస్తకం లక్షల కాపీలు పోయింది. లోపలి నుంచి రాసినవాళ్లలో ఎమినె సెవ్గి ఓజ్దామర్‌ది వేరే దారి. 1965లో బెర్లిన్‌లో ఫ్యాక్టరీ పనికి వచ్చిన ఆ అమ్మాయి తర్వాత జర్మన్‌లోనే రాయడం మొదలుపెట్టింది. తుర్కు భాషలో 'దిల్' అంటే నాలుకా, భాషా కూడా. ఆమె తొలి కథల సంపుటి పేరుకు అమ్మ నాలుక అని అర్థం. 2022లో ఆ దేశపు అతి పెద్ద సాహిత్య గౌరవం గెయోర్గ్ బ్యూహ్నర్ పురస్కారం ఆమెకు దక్కింది.

మన దేశం నుంచి కూడా వెళ్లింది ఇంజనీర్లు మాత్రమే కాదు. 1960లలో కాథలిక్ చర్చి ద్వారా కేరళ అమ్మాయిలు నర్సులుగా వెళ్లారు. 1970ల చివర్లో కొన్ని రాష్ట్రాలు వాళ్లలో కొందరికి పర్మిట్లు పొడిగించలేదు. ఉండగలిగినవాళ్లు ఊళ్లో పెళ్లి చేసుకుని భర్తలను తెచ్చుకుంటే, ఆ భర్తలకు ఏళ్ల తరబడి పని చేసే అనుమతి దొరకలేదు. భార్య ఆస్పత్రి డ్యూటీలో, చదువుకున్న భర్త పసిబిడ్డతో ఇంట్లో. మలయాళీ కుటుంబంలో ఆ రోజుల్లో ఊహకందని ఆ తారుమారుకు కారణం జర్మన్ సంస్కృతీ కాదు, కేరళ సంస్కృతీ కాదు, ఒక నియమం.

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో కనిపించడం 2000 తర్వాతే. ఆ ఏడాది ఫిబ్రవరిలో చాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ ఐటీ నిపుణులకు గ్రీన్ కార్డు ప్రకటించాడు. వెంటనే నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్ర ఎన్నికల్లో యుర్గెన్ రుట్‌గెర్స్ పక్షం "భారతీయులకు బదులు పిల్లలు" అనే అర్థం వచ్చే ప్రాస నినాదం ఎత్తుకుంది, ఎన్నిక ఓడిపోయింది. 2024 అక్టోబరులో చాన్సలర్ ఒలాఫ్ షోల్జ్ ఢిల్లీకి వచ్చి, భారతీయ నిపుణులకిచ్చే వీసాలను ఏడాదికి 20,000 నుంచి 90,000కు పెంచుతున్నామన్నాడు. పాతికేళ్లలో గాలి అంత మారింది. 2023-24లో అక్కడ చదివే భారతీయ విద్యార్థులు దాదాపు 49,000. విదేశీ విద్యార్థుల్లో వాళ్లదే మొదటి స్థానం. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేసి, బి1 భాషా పరీక్ష గురించి బెంగపడుతూ, టెర్మిన్ దొరకలేదని వాట్సాప్ గ్రూపుల్లో వాపోయే తెలుగు పిల్లలు ఇప్పుడు చిన్న ఊళ్లలో కూడా ఉన్నారు. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంట్. అది లేకుండా అక్కడ క్షవరం కూడా కష్టమే.

వీళ్లకు మొదట తగిలే దెబ్బ మొహమాటం మీద.

మన ఇంట్లో కాఫీ తాగుతారా అంటే మొదటిసారి "అబ్బే, ఇప్పుడే తాగొచ్చామండీ" అంటారు. అడిగినావిడ ఆగదు. "ఒక్క గుక్కేనండీ" అని రెండోసారి, "మా ఇంటికొచ్చి ఊరికే వెళ్తారా" అని మూడోసారి. వచ్చినాయన మూడోసారికి "సరే, కొంచెం" అంటాడు. ఇదంతా ఇద్దరికీ తెలిసిన ఆట, ఇందులో ప్రేమ ఉంది. జర్మన్ సహోద్యోగి ఇంట్లో మొదటిసారి వద్దన్న తెలుగు కుర్రాడికి రెండో పిలుపు రాదు. వద్దన్న మనిషిని మళ్లీ అడిగితే ఆయన మాటను నమ్మనట్టని ఆ ఇంటావిడ భావన. అడగకపోతే ఆదరణ లేదని ఇతని భావన. అతను ఆకలితో ఇంటికొచ్చి అన్నం వండుకుంటాడు. ఆవిడ, పాపం, అతను తిని వచ్చాడనే అనుకుంటుంది. భోజనానికే పిలిచినా ఒక్కోసారి ఇదే పరిస్థితి. చాలా ఇళ్లలో రాత్రి భోజనం పేరే ఆబెండ్‌బ్రోట్, సాయంకాలపు రొట్టె: ముదురు రంగు రొట్టె, వెన్న, చీజ్, ఊరబెట్టిన దోసకాయ. పొయ్యి వెలిగించకపోవడం అమర్యాదని ఎవరూ అనుకోరు.

ఆఫీసులో ఇదే భేదం జీతం దాకా వెళ్తుంది. పని ఎంతవరకు వచ్చిందంటే, "అయిపోతుందండీ, చూస్తాను" అనడం మనకు అలవాటు. పెద్దాయన మొహం మీద కాదని చెప్పలేక అనే మాట అది. జర్మన్ మేనేజరు దాన్ని ఒప్పుకోలుగా రాసుకుంటాడు. గడువు రోజున పని లేకపోతే అబద్ధమాడాడంటాడు. అటు ఆయన మీటింగులో పదిమంది ముందు "ఇది తప్పు, మళ్లీ చెయ్యి" అని కుండ బద్దలు కొడితే ఇతనికి నిద్రపట్టదు. ఆయన మాత్రం పని గురించే అన్నాడు, మనిషి గురించి కాదు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎదురై "మాల్‌సైట్" అని పలకరిస్తాడు, నిండు మనసుతో. అమెరికా మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో వచ్చిన పుస్తకంలో జర్మన్ ఆఫీసుల మూసిన తలుపుల గురించి రాశాడు. తలుపులు తీసి ఉంచే అమెరికన్లకు అవి వెలివేసినట్టు అనిపించేవి; జర్మన్లకు తెరిచిన తలుపు క్రమం లేనితనంగా తోచేది. తెల్లవాళ్లకే తెల్లవాళ్లతో వచ్చిన ఈ చిక్కు, దూరం నుంచి వచ్చినవాళ్లకు కాస్త ఊరటనిచ్చే సంగతి.

ఒక్క చోట మాత్రం తెలుగువాళ్లు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల కన్నా ముందుంటారు. జర్మన్‌లో 'జీ' అంటే మీరు, 'దూ' అంటే నువ్వు. ఈ తేడా ఎందుకని అమెరికన్ అడుగుతాడు, తెలుగువాడు అడగడు. కానీ నియమం వేరు. మనకు వయసు, వరస చూసి మీరనడమో నువ్వనడమో పుట్టుకతోనే ఖరారవుతుంది. ఎంత చనువొచ్చినా మామగారు మీరే. అక్కడ పెద్దవాళ్లో పై అధికారో ఒకరోజు దూ అనుకుందామని ప్రతిపాదిస్తారు, ఒప్పుకుంటే అంతే, అరవై ఏళ్ల మనిషి కూడా నువ్వయిపోతాడు. తెలుగు నోటికి అది ఎక్కదు. ఇక అన్నా, అక్కా, అంకుల్, ఆంటీ అని బజారంతటినీ బంధువుల్ని చేసుకునే అలవాటుకు అక్కడ చోటే లేదు. పొరుగాయన ఎప్పటికీ ఇంటిపేరుతో హెర్ ఫలానాయే.

ఇంటిపేరు సంగతి మరీ లోతైంది. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, సగం సార్లు పొడి అక్షరమై ఉంటుంది, పిలుపులో వినిపించదు. జర్మనీలో పిలుపే అది. కొండపల్లి వారి అమ్మాయిని డాక్టరు గదిలోంచి "ఫ్రావ్ కొండపల్లి" అని పిలిస్తే మొదట్లో తల తిప్పదు, ఊరిని పిలిచినట్టుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు ఆఫీసుల్లో ప్రతి కాగితం దగ్గరా వివరణ తప్పదు. తండ్రి ఇంటిపేరు, పెళ్లయినా పుట్టింటి పేరే ఉంచుకున్న తల్లి, మరి పిల్లకు ఏ పేరని పురపాలక గుమస్తా అడుగుతాడు. మన తాతముత్తాతలకు ఎన్నడూ ఎదురుకాని ప్రశ్న అది.

ఆదివారం గురించి ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడ నిశ్శబ్దం రాజ్యాంగంలో ఉంది. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడాలన్న 1919 నాటి వైమార్ రాజ్యాంగం 139వ అధికరణను 1949 రాజ్యాంగం తనలో కలుపుకుంది. క్రిస్మస్ ముందు వరసగా నాలుగు ఆదివారాలు షాపులు తెరవనిచ్చిన బెర్లిన్ చట్టాన్ని రాజ్యాంగ న్యాయస్థానం 2009 డిసెంబరులో తప్పుపట్టింది. కనుక శనివారం సాయంత్రం పాలు, కూరలు కొనుక్కోవడం మరిచినవాళ్లు సోమవారం దాకా ఆగాలి. ఆదివారం గోడకు మేకు కొట్టకూడదు, ఖాళీ సీసాలు గాజు డబ్బాలో పడేయకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఇంట్లో చప్పుడు ఆ గది దాటకూడదు. రేపటి దోసెల పిండికి రాత్రి పదిన్నరకు మిక్సీ వేసే ఇంటికి కింది వాటా నుంచి చీటీ వస్తుంది. ఎదురుగా చెప్పకుండా చీటీ రాయడం మనవాళ్లను ఎక్కువ బాధిస్తుంది. గొడవ పడకుండా చెప్పడానికి అదే మర్యాదైన దారని రాసినవాళ్ల నమ్మకం. ఈ నిశ్శబ్దం జర్మన్లకే భారమైన సందర్భమూ ఉంది. పసిపిల్లల బడుల చప్పుడు మీద పొరుగువాళ్లు కోర్టుకెక్కడం పెరిగిపోతే, పిల్లల సందడిని మామూలుగా హానికర ధ్వనిగా లెక్కించరాదని 2011లో చట్టమే సవరించుకున్నారు.

తాలింపు వాసన కథ చాలామందికి తెలిసిందే. తెలియనిది దాని వెనకున్న గోడల కథ. చలికి గట్టిగా బిగించి కట్టిన ఆ ఇళ్లలో ఆవిరి బయటికి పోకపోతే గోడలకు బూజు పడుతుంది. అందుకే రోజూ కొద్ది నిమిషాలు కిటికీలన్నీ బార్లా తెరవాలని అద్దె ఒప్పందాల్లో రాస్తారు. మూడు పూటలా అన్నం, పప్పు ఉడికించి, చలికి భయపడి కిటికీ తీయని ఇంట్లో బూజు ఖాయం, అడ్వాన్సులో కోత ఖాయం. ఇంటివాడు కూర వాసన గురించి మాట్లాడుతున్నాడనుకుని నొచ్చుకున్న అద్దెదారుకు, ఆయన నిజంగా గోడ గురించే మాట్లాడుతున్నాడని తెలియడానికి ఒక చలికాలం పడుతుంది.

పిల్లల దగ్గరికి వచ్చేసరికి భేదాలకు చట్టం బలం తోడవుతుంది. ఎక్కువ రాష్ట్రాల్లో నాలుగో తరగతి తర్వాత, పదేళ్ల వయసులోనే, ఏ పిల్ల ఏ తరహా బడికి వెళ్లాలో తేలుతుంది. టీచరు మాటే వేదమనుకున్న తుర్కు తల్లిదండ్రుల పిల్లలు ఎందరో అలా కింది మెట్టు బడుల్లో మిగిలారు. తెలుగు తల్లిదండ్రులకు దీని సంగతి ముందే తెలుస్తుంది, కోచింగుల గడ్డ నుంచి వచ్చినవాళ్లు కదా. వాళ్లకు తెలియంది సెలవుల సంగతి. సంక్రాంతికి బడి ఉంటుంది. మానిపించి ఊరికి తీసుకెళ్తే జరిమానా పడవచ్చు. సెలవులకు ముందు రోజుల్లో బవేరియా విమానాశ్రయాల్లో పోలీసులు బడి ఈడు పిల్లలున్న కుటుంబాలను ఆపి అడిగిన సందర్భాలున్నాయి. మొక్కై వంగనిది మానై వంగునా అని పిల్లాడి వీపు మీద ఒక్కటిచ్చే అలవాటు అంతకంటే ప్రమాదం: 2000 నుంచి అక్కడి పౌర స్మృతిలో దెబ్బల్లేని పెంపకం పిల్లల హక్కు. ఇందులో జర్మన్లది కూడా పాత అలవాటేం కాదు. ఒక తరం వెనక బళ్లలో బెత్తం ఉండేది. వాళ్లు మార్చుకున్నారు, వచ్చినవాళ్లూ మార్చుకోవాల్సిందే. సంస్కృతి పేరు చెప్పి దీనికి మినహాయింపు అడగడం న్యాయం కాదు.

అయితే భేదమని పైకి కనిపించేదంతా భేదం కాదు. డోరిస్ వైక్సెల్‌బౌమర్ అనే ఆర్థికవేత్త ఒకే మనిషి ఫొటో, ఒకే అర్హతలతో జర్మన్ సంస్థలకు దరఖాస్తులు పంపి 2016లో ఫలితాలు వెల్లడించింది. సాండ్రా బౌవర్ అనే కల్పిత పేరుకు ఇంటర్వ్యూ పిలుపులు నూటికి 18.8, మెర్యెం ఓజ్‌తుర్క్ అంటే 13.5; అదే మెర్యెం తలకు వస్త్రం చుట్టుకున్న ఫొటోతో 4.2. ఆ అమ్మాయి భాష, చదువు, అనుభవం ఎక్కడా మారలేదు. దీన్ని సర్దుకుపోవడం అనే పాఠంతో దాటలేం. 1993 మే 29న జోలింగెన్‌లో ఒక తుర్కు ఇంటికి నిప్పంటిస్తే మెవ్లుదె గెంచ్ అనే తల్లి ఇద్దరు కూతుళ్లను, ఇద్దరు మనవరాళ్లను, మరో బంధువుల పిల్లను పోగొట్టుకుంది. అక్కడే ఉండిపోయి, పగ వద్దని చెబుతూ 2022లో చనిపోయింది. 2000 నుంచి 2006 మధ్య నయా నాజీ ముఠా ఒకటి వలస కుటుంబాల వాళ్లను తొమ్మిది మందిని చంపితే, పోలీసులు ఏళ్ల తరబడి చనిపోయినవాళ్ల కుటుంబాలనే అనుమానించారు. పొరుగావిడ మొహం ముడుచుకుంటే వివక్షేనేమో అని కొత్తవాళ్లకు ముందు తోచడం వెనక ఈ చరిత్ర ఉంది. ఆ అనుమానం చాలాసార్లు తప్పు కావచ్చు, తెలివితక్కువతనం మాత్రం కాదు.

ఇరుపక్కలా కదిలితే ఏం జరుగుతుందో హామ్ పట్టణంలో చూడవచ్చు. 1980లలో శ్రీలంక యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన తమిళులు అక్కడ ఒక నేలమాళిగలో కంచి కామాక్షి పేరిట చిన్న గుడి పెట్టుకున్నారు. 1993 నుంచి అమ్మవారి ఊరేగింపు మొదలైంది. ఏడాదికేడాది జనం పెరిగారు. ఇళ్ల మధ్య మేళం, కార్లు, రద్దీ అని ఇరుగుపొరుగువాళ్లు ఫిర్యాదు చేశారు. కథ కోర్టులో ముగియాల్సిందే. కానీ పురపాలక సంఘం, గుడివాళ్లు కూర్చుని మాట్లాడుకుని, ఊరి శివార్లలోని ఊయెన్‌ట్రోప్ పారిశ్రామిక వాడలో స్థలం చూశారు. ఆదివారం ఫ్యాక్టరీలు మూసి ఉంటాయి కనుక ఎంత మేళమైనా అడిగేవాళ్లుండరు. 2002లో గోపురంతో గుడి కుంభాభిషేకం జరిగింది. రథోత్సవం నాడు వేలమంది వస్తారు. తీర్థం అక్కడి కాలువలోనే, సరుకు పడవలు నడిచే డాటెల్న్-హామ్ కాలువలో. నిశ్శబ్దం కోరే ఆదివారం, మేళం కోరే ఆదివారం ఒకే ఊళ్లో ఇమిడాయి. తమిళులు అమ్మవారిని వదులుకోలేదు, పొరుగువాళ్లు నిద్ర వదులుకోలేదు.

చట్టాలు కూడా నెమ్మదిగా కదిలాయి. 1913 నుంచి పౌరసత్వానికి రక్తసంబంధమే ఆధారం. జర్మన్ గడ్డ మీద పుట్టిన తుర్కు మనవడు కూడా పరదేశే. 2000లో ఆ గోడకు తలుపు పడింది. 2024 జూన్ 27 నుంచి అయిదేళ్ల నివాసం చాలు, పాత పౌరసత్వం వదలక్కర్లేదు. 33 ప్రశ్నల్లో 17 సరిగ్గా రాస్తే పౌరసత్వ పరీక్ష గట్టెక్కినట్టే. తుర్కు తాతలకు బతుకు చివర్లో దక్కిన ఈ వెసులుబాటు మనవాళ్లకు సగమే ఉపయోగం. భారత చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. జర్మన్ పాస్‌పోర్టు తీసుకున్న నాడు మన పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐ కార్డుతో సరిపెట్టుకోవాలి. అందుకే శాశ్వత నివాసం దాకా వచ్చి ఆగిపోయిన తెలుగువాళ్లు కనిపిస్తారు.

2024 ఏప్రిల్‌లో జర్మనీ అధ్యక్షుడు ఫ్రాంక్ వాల్టర్ స్టైన్‌మయర్ తుర్కియే పర్యటనను అదే సిర్కెజి స్టేషన్ నుంచి మొదలుపెట్టాడు. వెంట బెర్లిన్ నుంచి అరవై కిలోల డోనర్ మాంసపు కడ్డీని, దాన్ని కోసే వంటవాణ్ణి తీసుకెళ్లాడు. అరవై ఏళ్ల శ్రమను ఒక తినుబండారానికి కుదించారని జర్మనీలోని తుర్కు సంతతి వాళ్లలో ఎంతోమంది నొచ్చుకున్నారు. వాళ్ల కోపం సరైనదే. తిండిని పంచుకోవడం తేలిక, ఎవరైనా చేస్తారు.

ఉండిపోవడం అంటే చివరికి ఎక్కడ పూడ్చిపెట్టాలనే ప్రశ్న దాకా వస్తుంది. మొదటి తరం తుర్కులు మసీదు సంఘాల్లో చందా కట్టి, చనిపోతే శవాన్ని విమానంలో సొంతూరికి పంపే ఏర్పాటు చేసుకున్నారు. జర్మన్ శ్మశానాల్లో చాలాకాలం శవపేటిక తప్పనిసరిగా ఉండేది. ముస్లింల ఆచారం ఒట్టి బట్టలో పూడ్చడం. సమాధి స్థలం ఇరవై, పాతికేళ్ల గడువుకే ఇస్తారు. వాళ్ల నమ్మకం ప్రకారం సమాధిని కదపకూడదు. మనవాళ్లదీ చిక్కే. దహనానికి అడ్డులేదు కానీ చాలా రాష్ట్రాల్లో అస్థికల పాత్రను ఇంట్లో ఉంచుకోనివ్వరు, శ్మశానంలోనే పూడ్చాలి. గోదావరికి తీసుకురావాలంటే ఆ మేరకు కాగితాలు చూపాలి. 2014లో బాడెన్ వుర్టెంబెర్గ్, 2021లో బవేరియా పేటిక నియమాన్ని సడలించాయి.

బెర్లిన్‌లో కొలంబియాడామ్ రోడ్డు పక్కన 1866 నాటి తుర్కు శ్మశానం ఉంది. 1798లో బెర్లిన్‌లోనే కన్నుమూసిన ఒట్టోమన్ రాయబారి అలీ అజీజ్ ఎఫెంది అవశేషాలను అక్కడికి మార్చారు. చోటు చాలక 1988 నుంచి గాటోవ్ శ్మశానంలో ముస్లింలకు విడిగా భాగం ఇచ్చారు. ఇప్పుడు సొంతూరికి పంపొద్దని, ఇక్కడే ఉంచమని చెప్పే ముసలివాళ్లు పెరుగుతున్నారు. ఆదివారం మనవలు వచ్చి పూలు పెట్టే దూరంలో ఉండాలని వాళ్ల కోరిక. గడువు తీరే ఏడాది శ్మశానం ఆఫీసులో టెర్మిన్ తీసుకుని సమాధిని పొడిగించుకోవడం ఆ మనవలకు తెలుసు.